గోడలో పన్నెండు గంటలు

మే నెల మధ్యాహ్నం మూడింటికి మా అవ్వ ఇంట్లో గోడకు వీపు ఆనించి కూర్చుంటే చల్లగా తగిలేది. అనంతపురం వైపు పల్లె అది. బయట కోళ్లు కూడా నోళ్లు తెరుచుకుని నీడ వెతుక్కునే వేళ. ఆ గోడల మందం మూరకు తక్కువ ఉండదు. కింద రాతి పునాది, దాని మీద ఎర్రమట్టి గోడలు, పైన మట్టి మిద్దె. కుండలో నీళ్లు చల్లబడినట్టే మట్టిగోడ కూడా చల్లబడుతుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. భౌతికశాస్త్రం చదివాక అసలు సంగతి తెలిసింది. ఆ గోడ ఎండను పొద్దున్నుంచీ పుచ్చుకుంటూనే ఉంది. పుచ్చుకున్నదాన్ని ఇంట్లోకి తెచ్చి అప్పగించడానికి మాత్రం అర్ధరాత్రి దాకా సమయం తీసుకుంటోంది.

అవ్వకు ఈ సంగతి వేరే దారిలో తెలుసు. పొద్దున ఎనిమిదికల్లా కిటికీలన్నీ మూసేసేది. మేం ఆడుకుంటూ తలుపు తీసి పెడితే, "పొద్దెక్కినాక తలుపు బార్లా తీస్తే ఎండ ఇంట్లోకి కాపురానికొస్తాదిరా" అని కేకలేసేది. దీపాలు పెట్టే వేళకు అన్నీ తెరిచేది. రాత్రి మేమంతా మిద్దె మీద పడుకునేవాళ్లం. తెరిచిన కిటికీల్లోంచి వచ్చే రాత్రి గాలికి కింద గది తెల్లవారేలోగా చల్లబడేది. ఆమె మూయడం, తెరవడం ఆ ఇంటి నిర్మాణంలో భాగమేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. గోడ చేసే పనిలో సగం గోడది, మిగిలిన సగం కిటికీ రెక్క మీద చెయ్యేసే మనిషిది.

వేడి గోడలోంచి ఎలా నడుస్తుందో చూడాలంటే కాలువ నీళ్లు మడి నుంచి మడికి పారడం గుర్తు చేసుకోండి. మొదటి మడి నిండితేగాని రెండోదానికి నీళ్లు దిగవు. మడులు లోతుగా ఉంటే, మధ్య గండ్లు ఇరుకుగా ఉంటే, చివరి మడికి నీళ్లు చేరేసరికి పొద్దు గడిచిపోతుంది. పైగా ఈలోగా కాలువ కట్టేస్తే చివరి మడికి అందేది కూడా కొద్దిగానే. గోడలో ఒక్కో పొర ఒక్కో మడి. పదార్థం ఎంత బరువైనదైతే, ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత ఎక్కువ వేడి పుచ్చుకుంటే, మడి అంత లోతు. వేడిని ఎంత నెమ్మదిగా పక్కకు అందిస్తే గండి అంత ఇరుకు. సాయంత్రం సూర్యుడు దిగిపోగానే కాలువ కట్టేసినట్టే. పై పొరల్లో నిలిచిన వేడిలో పెద్ద భాగం లోపలికి రాకుండా వెనక్కు తిరిగి, చల్లబడిన బయటి గాలికి, ఆకాశానికి వెళ్లిపోతుంది.

ఒక మోస్తరు మట్టిగోడకు ఈ లెక్క వేస్తే అడుగు మందానికి తొమ్మిది పది గంటల ఆలస్యం వస్తుంది. అడుగున్నర మందమైతే పన్నెండు గంటలు దాటుతుంది. బయటి గోడ మీద పగటికీ రాత్రికీ మధ్య ఉన్న ఎగుడుదిగుడులో లోపలికి చేరేది పదో వంతుకు అటూ ఇటూ. ఇక నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు తీసుకోండి. ఆలస్యం రెండున్నర మూడు గంటలే, ఎగుడుదిగుడులో సగం అలాగే లోపలికి దిగుతుంది. అంటే మధ్యాహ్నం ఒంటి గంట ఎండ మనం ఇంటికొచ్చి నడుం వాల్చే నాలుగింటికల్లా ఫ్యాను పైనుంచి తల మీదికి దిగుతుందన్నమాట. ఆ పైన రాత్రి పదకొండింటి దాకా స్లాబు తాను దాచుకున్నదాన్ని కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే వేడిగాలి కొడుతోందని మనం అనేది దీన్నే.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పుకోవాలి. వేడిని ఆలస్యం చేయడంలో మట్టికీ, కాల్చిన ఇటుకకూ పెద్ద తేడా లేదు. అడుగున్నర ఇటుక గోడ కూడా పన్నెండు గంటలు మోస్తుంది. మట్టిలో మహిమ ఏదో ఉందని చెప్పే ప్రచారాన్ని నేను ఒప్పుకోను. ఉన్న మహిమ మందానిది. మందంగా కట్టగలగడానికి కారణం మాత్రం మట్టిదే. కాలి కిందే దొరుకుతుంది, కాల్చనక్కర్లేదు, కాబట్టి మూర మందం పోసినా ఎవరికీ బరువు కాదు. ఇటుకకు బట్టీ కావాలి, 800 నుంచి 1000 డిగ్రీల దాకా కాలాలి, కట్టెలో బొగ్గో తగలబడాలి. అందుకే ఇటుక ఖరీదై గోడ పలచబడింది. తొమ్మిదంగుళాల గోడ నాలుగున్నర అంగుళాలైంది. అలా పలచబడ్డ గోడ పోగొట్టిన గంటల్ని ఇవాళ ఏసీతో కొనుక్కుంటున్నాం.

గోడ సంగతి అలా ఉంచి పైకప్పుకు వద్దాం, ఎందుకంటే మన దగ్గర అసలు యుద్ధం అక్కడే. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం నిటారు కర్రకు నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. వేసవి పొడుగునా మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కాస్త అటో ఇటో ఉంటాడే తప్ప గోడల మీదికి దిగడు. చదరపు మీటరుకు వెయ్యి వాట్లకు చేరువగా వచ్చే ఎండనంతా పైకప్పే తీసుకుంటుంది. దక్షిణపు గోడకు మే నెలలో ఎండ దాదాపు తగలదు. చలికాలంలో సూర్యుడు అటు వాలి, డిసెంబరు మధ్యాహ్నం 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి కావలసినప్పుడే ఆ గోడకు వెచ్చదనం వస్తుంది. చిక్కంతా తూర్పు, పడమర గోడలతోనే. అందులోనూ పడమర. అప్పటికే గాలి వేడెక్కి ఉంటుంది, నాలుగింటి సూర్యుడు ఆ గోడకు ఎదురుగా నిలబడతాడు. అందుకే ఇల్లు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండి, ఆ రెండు కొసలూ కురచగా ఉండాలి. పడమర వైపు పడకగది వద్దు. మెట్లు, సామాన్ల గది, స్నానాల గది అటు పెట్టి, గోడ అవతల ఒక కానుగ చెట్టో వేప చెట్టో నాటితే గోడ మందం పెంచినంత పని అవుతుంది.

రాయలసీమ మిద్దెలో పైకప్పు మీద నాకున్న ప్రేమ మరి దేని మీదా లేదు. దూలాల మీద అడ్డకర్రలు, వాటి మీద కొమ్మా ఆకూ పరిచి, పైన జానెడు మట్టి తొక్కి, అన్నిటికన్నా పైన చౌడు మన్ను పోస్తారు. ఏటా వానలకు ముందు ఎడ్లబండ్ల మీద చౌడు తోలుకొచ్చి కొత్త పొర వేసుకునేవాళ్లు. చౌడంటే రైతుకు గుండెల్లో రాయి. అందులో పైరు రాదు, నీళ్లు పోస్తే ఇంకవు. ఇంకకపోవడానికి కారణం సోడియం. మామూలు నేలలో బంకమట్టి రేకుల్ని కాల్షియం గుత్తులు గుత్తులుగా పట్టి ఉంచుతుంది, గుత్తుల మధ్య సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. చౌడులో కాల్షియం స్థానంలో సోడియం కూర్చుంటుంది. తడి తగలగానే రేకులు ఒకదాన్నొకటి వదిలేసి, విడివిడిగా నీళ్లలో తేలి, ఉన్న సందుల్లోకి దూరి పూడ్చేస్తాయి. నేల తన మూత తానే వేసుకుంటుంది. పొలాన్ని చంపే ఆ గుణమే ఇంటి కప్పును కురవకుండా కాపాడింది. రైతు జిప్సం చల్లేది సోడియాన్ని వెళ్లగొట్టి మళ్లీ కాల్షియాన్ని తేవడానికే. పొలంలో ఏది రోగమో మిద్దె మీద అదే మందని రసాయనశాస్త్రం పుట్టకముందే కనిపెట్టిన మనుషుల్ని తలుచుకుంటే నాకు గౌరవంతో మాట రాదు.

అయితే మిద్దె అన్ని చోట్లకూ పనికిరాదు. ఆలస్యం చేసే గోడ బాగా పనిచేయాలంటే రాత్రి గాలి పగటికన్నా బాగా చల్లబడాలి, లేకపోతే గోడ దాచుకున్న వేడి ఎక్కడికీ పోదు. రాయలసీమలో, తెలంగాణలో వేసవి పగటికీ రాత్రికీ పది పన్నెండు డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఆ తేడాను బాగా తగ్గించేస్తుంది, రాత్రి కూడా చెమట ఆరదు. అక్కడ కావలసింది వీచే గాలి, వేడిని అసలే పట్టుకోని తేలికపాటి కప్పు. తాటాకు కప్పులో ఆకుకూ ఆకుకూ మధ్య బిగిసిన గాలి ఉంటుంది. అది వేడికి గండిని దాదాపు పూడ్చేస్తుంది. మిద్దె వేడిని దాచుకునే పద్ధతి, తాటాకు వేడిని గుమ్మం దగ్గరే ఆపేసే పద్ధతి. ఉత్తర కోస్తాలో చుట్టిళ్లు గుండ్రంగా ఉండి, శంకువులాంటి కప్పు చూరు దాదాపు నేల దాకా దిగి ఉండటంలో తుపాను సంగతి కూడా ఉంది. గుండ్రటి గోడకు గాలి నేరుగా తగిలే ముఖం ఉండదు, పక్కలకు జారిపోతుంది. కప్పు మీదికి ఆనప పాదు పాకిస్తే ఆకులు నీళ్లు ఆవిరి చేస్తూ మరికాస్త చల్లబరుస్తాయి, కూరకు కాయా వస్తుంది.

మట్టిగోడ మట్టితో కట్టేదే అయినా ప్రతి మట్టితోనూ నిలవదు. మట్టిలో గులకరాయి, ఇసుక, ఒండ్రు, బంక అని నాలుగు రకాల రేణువులుంటాయి. మొదటి మూడూ ఎముకలు, బంక జిగురు. బంకమట్టి రేకులు మనిషి కంటికి అందనంత సన్నవి. వాటి మధ్య ఇంకా మిగిలిన పలచటి నీటి పొరలే ఆరిన గోడను బిగించి పట్టుకుంటాయి. జిగురు తక్కువైతే గోడ రాలుతుంది, ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుని పగులుతుంది. నల్లరేగడిలో ఉండే బంక తడిస్తే ఉబ్బి, ఎండితే నోళ్లు తెరిచే జాతి. వేసవిలో రేగడి చేలో చెయ్యి దూరేంత బీటలు చూసినవాళ్లెవరూ దానితో గోడ పెట్టరు. ఎర్రమట్టిలో ఉండే బంక అంతగా ఉబ్బదు. గడ్డి ముక్కలు కలిపి, నీళ్లు పోసి, రోజుల తరబడి నాననిచ్చి, కాళ్లతో తొక్కడం ఎందుకంటే ప్రతి రేకుకూ తడి అందడానికి. ఇక గడ్డి పని పగుళ్లను పంచడం. ఒకే పెద్ద బీట రాకుండా, కంటికి కనపడని వంద చిన్న బీటలుగా విడదీస్తుంది.

మట్టిగోడకు ప్రాణభయం నీటితోనే, అదీ రెండు వైపుల నుంచి. పైనుంచి వాన, కిందనుంచి చెమ్మ. రాతి పునాది మోకాలెత్తు లేచి ఉంటే చెమ్మ గోడకెక్కదు. చూరు రెండడుగులు ముందుకొస్తే వాన గోడను తాకదు. అరుగు కూర్చుని మాట్లాడుకోవడానికే అనుకుంటాం గాని, చూరు నీళ్లు నేల మీద పడి చింది గోడ అడుగును కొరకకుండా కాసేది కూడా అదే.

మా కుటుంబంలో ఒక తప్పు జరిగింది. ఏటా అలకడం, మట్టి మెత్తడం శ్రమగా ఉందని మా చిన్నాన్న అవ్వ ఇంటి గోడలకు బయటా లోపలా సిమెంటు పూత వేయించాడు. నిలకడగా ఉంటుందని అందరం సంతోషపడ్డాం. రెండో వానాకాలానికే పూత ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఊడేటప్పుడు వెనక ఉన్న మట్టిని కూడా పీక్కుని వచ్చింది. గోడ ఎప్పుడూ కాస్త చెమ్మను పీల్చుకుంటూ, ఒంటి నిండా ఆరబెట్టుకుంటూ బతుకుతుంది. బిగుతైన సిమెంటు పొర ఆ ఆవిరికి దారి మూసేసింది. చెమ్మ దాని వెనకే పోగుపడి గోడను మెత్తబరిచింది. ఇది ఒక్క మా ఇంటి కథ కాదు, మట్టిళ్లను బాగు చేయబోయి చంపిన తీరు ఎక్కువ ఊళ్లలో ఇదే.

ఆ గోడకు కావలసింది సున్నం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి ముడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే సలసల మరిగి పొడై, వెన్నలా ముద్దవుతుంది. గోడకు పూశాక గాలిలోంచి అదే వాయువును నెలల తరబడి, ఏళ్ల తరబడి తిరిగి పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. కాల్చడానికి వాడిన కట్టె సంగతి పక్కన పెడితే, రాయి వదిలినదాంట్లో ఎక్కువ భాగం రాయికే తిరిగి చేరుతుంది. సిమెంటుకు 1450 డిగ్రీల వేడి కావాలి. ప్రపంచం మొత్తం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీదే. సున్నం పూత ఆవిరిని అడ్డుకోదు. సన్నని పగులు వస్తే వాన నీళ్లలో కాస్త సున్నం కరిగి, పగుల్లో పేరుకుని తానే మూసుకుంటుంది. పాతకాలపు మేస్త్రీలు ఎద్దుల గానుగలో ఇసుకతో కలిపి నూరిన డంగు సున్నానికి కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం చేర్చేవాళ్లు. కోస్తాలో రాయికి బదులు గుల్లలు కాల్చి గుల్లసున్నం చేసుకునేవాళ్లు.

పాత పద్ధతుల్ని ఉన్నవి ఉన్నట్టే పట్టుకు వేలాడాలని నేననను. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో ఏ.కె.ఎన్. రెడ్డి పల్లెల కోసం 'అస్త్ర' అనే పరిశోధన కేంద్రం మొదలుపెట్టారు. అక్కడివాళ్లు మట్టిని వదిలేయలేదు, దాన్ని ప్రయోగశాలకు తెచ్చారు. ఇసుకపాలు ఎక్కువున్న మట్టిలో ఆరు శాతం దాకా సిమెంటు కలిపి, చేతి మీటతో నొక్కే యంత్రంలో అచ్చుగా బిగించి, కాల్చకుండా మూడు నాలుగు వారాలు నీళ్లు చల్లితే తడిసినా కరగని దిమ్మె వస్తుంది. ఇలాంటి యంత్రాన్ని 1950లలో కొలంబియాలో రౌల్ రామిరెజ్ తయారు చేశాడు. మన ఆరోవిల్‌లో 1989 నుంచి ఒక సంస్థ ఈ పనినే నేర్పుతోంది, అక్కడి సందర్శకుల కేంద్రం ఆ దిమ్మెలతో కట్టిందే. ఆ 'అస్త్ర'లోనే పనిచేసిన వెంకట్రామరెడ్డి, జగదీష్ 2003లో వేసిన లెక్క ప్రకారం కాల్చిన ఇటుక కట్టుబడికి ఘనపు మీటరుకు సుమారు 2100 మెగాజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. మట్టి దిమ్మెలతో కడితే అందులో మూడో వంతు చాలు.

కేరళలో లారీ బేకర్ నడిచిన దారి వేరు. బర్మింగ్‌హామ్‌లో 1917లో పుట్టిన ఆ వాస్తుశిల్పి గాంధీని కలిశాడు. ఇంటికి కావలసిన సరుకు ఐదు మైళ్ల లోపలే దొరకాలన్న గాంధీ మాటను బతుకంతా పట్టుకున్నాడు. ఆయన ఎక్కువగా వాడింది ఇటుకే, కానీ ఒక్క ఇటుక కూడా వృథా పోనివ్వలేదు. ఇటుకల్ని పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ గూడు వదులుతూ కట్టే పద్ధతిని ఎలుకబోను కట్టుబడి అనవచ్చు. దానివల్ల పావు వంతు ఇటుక మిగులుతుంది, గూట్లో నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. స్లాబులో ఆయన చేసింది ఇంకా నచ్చుతుంది నాకు. స్లాబు వంగబోయేటప్పుడు కింది సగం సాగుతుంది. సాగడాన్ని కాంక్రీటు భరించలేదు, ఆ పని ఇనుపకడ్డీది. మరి కింది సగంలో కాంక్రీటు ఎందుకు? కడ్డీల మధ్య పాత బంగాళా పెంకులు పెట్టి పోయిస్తే కాంక్రీటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, లోపల చిక్కిన గాలితో వేడీ తగ్గుతుంది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ అంతా ఈ ఆలోచనలకు నిలువెత్తు సాక్ష్యం.

మట్టిళ్లు మనుషుల్ని చంపిన రోజులూ ఉన్నాయి, వాటిని దాటవేసి ఈ అధ్యాయం రాయలేను. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, తెలంగాణ సరిహద్దుకు అంత దూరం కాని కిల్లారిలో భూకంపం వచ్చింది. పదివేలమంది దాకా పోయారు. అక్కడి ఇళ్లు చెక్కని రాళ్లను మట్టితో పేర్చినవి, పైన ఏళ్ల తరబడి పోసుకుంటూ పోయిన మట్టికప్పుల బరువు. ఒక్క కుదుపుకు రాళ్లు విడిపోయాయి, కప్పు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. 2009 అక్టోబరులో కర్నూలు వరదలో మట్టిగోడలు గంటల్లో కరిగిపోయాయి. మరోపక్క 2001 భూకంపంలో కచ్ ప్రాంతపు భుంగాలు, అంటే గుండ్రటి మట్టిళ్లు, చాలా నిలిచాయి. మూలలు లేని గోడ, తేలికపాటి కప్పు వాటిని కాపాడాయి. తప్పు మట్టిది కాదని చెప్పి తప్పించుకోలేం. గోడలన్నిటినీ చుట్టి కట్టే పట్టీ లేకుండా, ఆ పట్టీ కాంక్రీటుదైనా కలపదైనా సరే, బరువైన కప్పు వేయడం తప్పు. నదీ తీరంలో కాల్చని మట్టిగోడను ఎత్తైన రాతి అరుగు లేకుండా కట్టడం తప్పు. మట్టితో కట్టేవాళ్లు ముందు ఇంజినీరును పిలవాలి, సిమెంటుతో కట్టేవాళ్లకన్నా ముందుగా పిలవాలి.

ఊళ్లో స్థలం ఉన్నవాళ్ల సంగతి సరే, నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉన్నవాళ్లకు ఈ లెక్క పనికొస్తుందా? వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. దాని వెనక ఉన్న భౌతికశాస్త్రం పండగకు ఇంటికి వేసే వెల్ల సున్నందే. బూడిదరంగు స్లాబు తన మీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది. తెల్లటి పూత అందులో ఎక్కువ భాగాన్ని అలాగే వెనక్కు పంపేస్తుంది. డాబా మీద ఏటా చిక్కగా సున్నం కొట్టించడానికి అయ్యే ఖర్చు ఏసీ బిల్లుతో పోలిస్తే ఏమీ కాదు. పడమటి కిటికీకి లోపల తెర వేస్తే లాభం తక్కువ, ఎందుకంటే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. బయట వట్టివేళ్ల తడికో, వెదురు చాపో కట్టాలి. ఆ పైన మా అవ్వ చేసినట్టు పగలు మూయడం, రాత్రి తెరవడం.

ఇల్లు కట్టుకోవాలని ఉన్నవాళ్లు ఏ పుస్తకం చదివే ముందైనా మీ స్థలంలో రెండడుగుల లోతు తవ్వి, పై మట్టి వదిలేసి, కింద మట్టి గుప్పెడు తీయండి. పై మట్టిలో వేర్లూ కుళ్లిన ఆకులూ ఉంటాయి, అది చెట్టుది. తీసిన మట్టిని ఒక గాజు సీసాలో మూడో వంతు పోసి, నిండా నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కుదపండి. కిటికీ అరుగు మీద కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో దిగిపోతుంది, గీత పెట్టుకోండి. అరగంటకు ఒండ్రు దిగుతుంది, మరో గీత. బంక మాత్రం రాత్రంతా నీళ్లలో మబ్బులా తేలుతూ ఉంటుంది. పొద్దున లేచి చూడండి. సగానికి పైగా ఇసుక ఉండి, బంక అయిదో వంతుకు అటూ ఇటూ ఉంటే, మీ గోడ మీ కాళ్ల కిందే ఉంది. బంక మరీ ఎక్కువైతే బయటి నుంచి ఇసుక తెచ్చి కలపాలి. ఎంత కలపాలో సీసా మీద మీరు పెట్టుకున్న గీతలే చెబుతాయి.